కరుణకు తూనికరాళ్లు ఉన్నాయా?

వైద్యుడికి కొలతలు అలవాటు. రక్తపోటును పాదరసపు మిల్లీమీటర్లలో, రక్తంలోని చక్కెరను మిల్లీగ్రాములలో, జ్వరాన్ని డిగ్రీలలో కొలిచి చీటీ మీద వేస్తాడు. నేనూ వృత్తి జీవితమంతా అదే పని చేశాను. ఈ మధ్య ఒక పాత రోగి పలకరించడానికి వచ్చి, మాటల మధ్యలో ఒక ప్రశ్న వేశాడు. “ఫలానా డాక్టరుకు దయ ఎక్కువ, ఫలానా ఆయనకు బొత్తిగా లేదు అంటుంటాం కదండీ! మరి ఆ దయను కొలిచే పరికరం మీ వైద్యంలో ఏమైనా ఉందా? అసలది కొందరికే ఎక్కడినుంచి వస్తుంది?”

అప్పటికి నవ్వి ఊరుకున్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. దానికి సమాధానం వెతుకుతూ పోతే, నూట యాభై ఏళ్ల నాడు మన నేలమీదే జరిగిన ఒక వాదం గుర్తుకు వచ్చింది. కరుణను అక్షరాలా తక్కెడలో పెట్టి తూచిన వాదం అది. అందులో ఒక పక్షాన నిలిచినవాడు వైద్యుడు. ఆ కథను మీ ముందుంచుతాను.

ధాత కరువు

1876లో నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ దక్షిణ భారతాన్ని మోసగించాయి. అది ధాత నామ సంవత్సరం. అందుకే మనవాళ్లు దానిని ధాత కరువు అన్నారు. మద్రాసు, బొంబాయి రాష్ట్రాలు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలు దానివాత పడ్డాయి. తెలుగు జిల్లాలలో కర్నూలు, కడప, నెల్లూరు, నేటి అనంతపురం ప్రాంతం కలిసి ఉన్న నాటి బళ్లారి జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నాయి. ధాన్యం దేశంలో లేక కాదు, కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేక జనం అలమటించారు. రేవుల నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్నది వైస్రాయి లిట్టన్ సిద్ధాంతం.

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు వైభవంగా జరిగింది. అదే నెలలో లిట్టన్, కరువు ఖర్చును అదుపులో పెట్టే బాధ్యత అప్పగించి సర్ రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపాడు. కరువు పనులలో రాళ్లు కొట్టి, మట్టి మోసే పురుషుడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యానికి సరిపడే డబ్బు, ఉప్పూపప్పులకు మరి కొంచెం చిల్లర ఇస్తే చాలునని టెంపుల్ నిర్ణయించాడు. స్త్రీలకూ పనిచేసే పిల్లలకూ అంతకంటే తక్కువ. మద్రాసు ప్రభుత్వం అంతకుముందు ఇస్తున్నదానికంటే ఇది బాగా తగ్గింపు. చరిత్రలో దీనికి ‘టెంపుల్ వేతనం’ అని పేరు నిలిచిపోయింది.

ఒక పౌను బియ్యం ఎంత శక్తినిస్తుందో నేటి లెక్కల్లో చూద్దాం. సుమారు 1,600 కిలోకాలరీలు. కాయకష్టం చేసే పురుషుడికి రోజుకు 3,400 కిలోకాలరీలకు పైగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈనాడు చెబుతోంది. ఆనాటి కూలివాడు మనకంటే బక్కపలుచనివాడే అనుకున్నా, ఆ పౌనుతో వాడి అవసరంలో సగానికి అటూ ఇటూ మాత్రమే తీరుతుంది. మిగిలిన సగాన్ని వాడి కండరాలే ఇచ్చుకోవాలి. అంటే పనికి వచ్చిన ప్రతిరోజూ ఆ మనిషి కొంచెం కొంచెంగా తనను తానే తింటున్నాడన్నమాట.

ఒక వైద్యుడి తక్కెడ

ఆ సమయంలో మద్రాసు రాష్ట్రపు శానిటరీ కమిషనరు డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్. ఆయనకు ఈ విషయం కొత్తది కాదు. ఈ రాష్ట్రపు ప్రజలు ఏమి తింటారు, ఎంత తింటారు అన్న అంశంపై 1863లోనే నివేదిక రాసినవాడు. 1871 నాటి మద్రాసు జనాభా లెక్కల నివేదికా ఆయనదే. కాలరీల లెక్క ఆనాటి వైద్యానికి ఇంకా తెలియదు. కాని శ్రమ చేసే శరీరానికి ఎంత ధాన్యం కావాలి, పప్పుధాన్యం వంటి మాంసకృత్తుల ఆహారం లేకపోతే ఏమవుతుంది అన్నవి ఆయనకు తెలుసు. రోజుకు కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం, దానితోపాటు పప్పు, కూరగాయలు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఒక పౌను చాలునన్న టెంపుల్ వాదాన్ని ఖండిస్తూ 1877లో ప్రత్యేకంగా ఒక సమాధాన పత్రమే ప్రచురించాడు.

గమనించండి. ఇద్దరూ కొలతలతోనే మాట్లాడారు. టెంపుల్ కొలిచింది ఖజానా నుంచి ఎంత పోతున్నదో. కార్నిష్ కొలిచింది కూలివాడి ఒంటికి ఎంత చేరుతున్నదో. ఒకే పౌను గింజలు, రెండు తక్కెడలు. 

చివరకు 1877లోనే మద్రాసు ప్రభుత్వం కొంత దిగివచ్చింది. కూలిని ఒకటింపావు పౌన్ల ధాన్యానికి, ఒకటిన్నర ఔన్సుల పప్పుకు పెంచింది. కార్నిష్ అడిగినదానికీ టెంపుల్ ఇచ్చినదానికీ అది సుమారుగా మధ్యస్థం. పావు పౌను అంటే నూటపది గ్రాముల పైచిలుకు, ఒక పిడికెడు గింజలు. కాని ఆ పిడికెడును లక్షల నోళ్లతో, నెలల తరబడి రోజులతో హెచ్చవేసి చూడండి. దాని విలువ తెలుస్తుంది.

అయినా నష్టం భయంకరంగానే జరిగింది. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాలలోనే ఆ కరువుకు యాభై లక్షలకు పైగా బలి అయ్యారని అంచనా. 1881 జనాభా లెక్కలు వచ్చేసరికి కర్నూలు జిల్లా జనాభా పదేళ్ల క్రితం కంటే దాదాపు నాలుగో వంతు తగ్గిపోయి ఉంది. ఆ తరుగుదల మనకు తెలుస్తున్నదంటే, 1871లో ఎంతమంది ఉండేవారో లెక్క రాసిపెట్టినవారు ఉన్నందువల్లనే.

టెంపుల్ రాతిగుండె మనిషా?

ఇక్కడితో ఆపేస్తే ఈ కథ సులభంగా ముగుస్తుంది. కార్నిష్ దయాళువు, టెంపుల్ కర్కోటకుడు అని తీర్మానించి మనం నిశ్చింతగా నిద్రపోవచ్చు. కాని చరిత్ర అంత సులభంగా వదలదు.

అంతకు మూడేళ్ల ముందు, 1873-74లో బీహారులో కరువు వచ్చింది. అక్కడ సహాయ కార్యక్రమాన్ని ముందుండి నడిపినవాడు ఈ టెంపులే. బర్మా నుంచి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించి, ఉదారంగా పంచి, ఆకలిచావులు దాదాపు లేకుండా చేశాడు. పందొమ్మిదో శతాబ్దపు భారతదేశంలో అంత విజయవంతమైన కరువు సహాయం మరొకటి లేదని చరిత్రకారులు అంటారు. మరి ఆయనకు దక్కిన ప్రతిఫలం? ప్రజాధనం దుబారా చేశాడన్న నింద. అధికార వర్గాలలోనూ పత్రికలలోనూ విమర్శలు చెలరేగాయి. ఆ మచ్చను కడుక్కునే అవకాశంగా 1877 ఆయన ముందుకు వచ్చింది. పొదుపు చేసి చూపించాడు. ఆ ఏడాదే బొంబాయి గవర్నరు అయ్యాడు.

మనిషి ఒకడే. గుండె ఒకటే. మూడేళ్లలో ఆ గుండెలోని కరుణ ఆవిరైపోయిందా? కాదనే నేననుకుంటున్నాను. మారింది ఆయన చుట్టూ ఉన్న పరిస్థితి. మొదటిసారి ప్రాణాలు కాపాడమన్నారు, కాపాడాడు. రెండవసారి డబ్బు కాపాడమన్నారు, కాపాడాడు. కరుణ మనిషిలో ఎంత ఉందన్న ప్రశ్నకంటే, అది బయటికి రావడానికి దారి ఉందా లేదా అన్న ప్రశ్న ముఖ్యమని ఈ ఉదంతం నాకు నేర్పింది.

లిట్టన్, టెంపుల్‌ల సిద్ధాంతానికి మూలపురుషుడుగా చెప్పుకొనే ఆడమ్ స్మిత్ సంగతి ఇంకా విచిత్రం. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టరాదన్న వాదనకు ఆయన 1776లో రాసిన అర్థశాస్త్ర గ్రంథం ఆధారం. కాని అంతకు పదిహేడేళ్ల ముందు, 1759లో, ఆయన రాసిన మొదటి పుస్తకం సానుభూతి గురించే. ఎదుటివాడి స్థానంలో మనల్ని ఊహించుకోగలగడమే నైతికతకు పునాది అని అందులో ఆయన వాదం. దూరపు చైనాలో భూకంపం వచ్చి లక్షల మంది పోయారంటే కాసేపు విచారించి హాయిగా నిద్రపోయే మనిషి, తన చిటికెనవేలు రేపు పోతుందంటే మాత్రం కంటిమీద కునుకు వేయడని కూడా ఆయన గుర్తించాడు. దూరం పెరిగిన కొద్దీ కరుణ పలుచనవుతుంది. సిమ్లాకూ కర్నూలుకూ మధ్య దూరం ఎంతో మీకు తెలుసు. పాలకులు స్మిత్ రెండవ పుస్తకాన్ని పట్టుకున్నారు, మొదటిదాన్ని మరిచారు.

దూరం తక్కువైనచోట ఏమి జరుగుతుందో కూడా అదే కర్నూలు సీమలో ఉంది. ఈ కరువుకు పదేళ్ల ముందు, 1866 నాటి కరువులో, ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి, వచ్చినవారికల్లా అన్నం, గంజి పోయించాడు. సీమ జానపదులు ఆయన పేరును ఇప్పటికీ పాటలలో పాడుకుంటారు. ఆయన చూసింది నివేదికలను కాదు, తన వాకిట నిలబడిన ముఖాలను.

కరుణ ఎక్కడ పుడుతుంది?

కరుణ మనుషులకే ప్రత్యేకమా? 1964లో అమెరికాలో మాసర్‌మన్, ఆయన సహచరులు రీసస్ కోతులపై చేసిన పరిశోధన ఒకటుంది. గొలుసు లాగితే ఆహారం వస్తుంది. కాని అదే సమయంలో పక్క బోనులోని మరొక కోతికి విద్యుత్ ఘాతం తగులుతుంది. అది చూసిన కోతులలో చాలా భాగం ఆ గొలుసును లాగడం మానుకున్నాయి. ఒక కోతి ఐదు రోజులు, మరొకటి పన్నెండు రోజులు ఏ గొలుసునూ ముట్టలేదు. పస్తులుండడానికే సిద్ధపడింది. ఎదుటి కోతితో ముందే పరిచయమున్నవీ, తాము ఒకసారి ఆ ఘాతాన్ని అనుభవించినవీ ఎక్కువగా వెనుకాడాయి. అంటే కరుణ బీజం మనకంటే పాతది. పరిచయమూ స్వానుభవమూ దానికి నీరు పోస్తాయి.

మరి ఆ బీజాన్ని ఎండగట్టేది ఏది? 1973లో డార్లే, బాట్సన్ అనే మనస్తత్వవేత్తలు ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి సమాధానమిస్తుంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మతబోధకులు కావడానికి చదువుకుంటున్న నలభై మంది విద్యార్థులను ఒక భవనం నుంచి మరొక భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. వారిలో సగం మంది ప్రసంగాంశం, దారిలో గాయపడి ఉన్నవాడిని ఆదుకున్న మంచి సమరయుని కథ. నడిచే దారిలో ఒక వ్యక్తి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉండేలా ఏర్పాటు చేశారు. తొందర లేదని చెప్పి పంపినవారిలో 63 శాతం ఆగి సాయపడ్డారు. ఓ మోస్తరు తొందరలో ఉన్నవారిలో 45 శాతం. ఇప్పటికే ఆలస్యమైంది, పరుగెత్తమని చెప్పినవారిలో 10 శాతం మాత్రమే. వారు మాట్లాడబోయే అంశం కరుణ గురించా, ఉద్యోగాల గురించా అన్నది చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. కరుణపై ఉపన్యసించడానికి పరుగెడుతూ, కరుణ చూపవలసిన మనిషిని దాటిపోయినవారూ ఉన్నారన్నమాట!

నా చీటీ మీద లేని లెక్క

ఈ ప్రయోగం చదివిన రోజు నాకు నా పాత రోజులు గుర్తొచ్చాయి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఉదయపు ఓపీకి వందకు తక్కువ కాకుండా వచ్చేవారు. వారిలో ఒక ముసలావిడ మధుమేహ రోగి. నెల నెలా వచ్చేది. ఎన్ని మందులు రాసినా చక్కెర దిగేది కాదు. “అన్నం తగ్గించమంటే వినవు, మందులు సరిగ్గా వేసుకోవు” అని మూడు నెలలు వరుసగా కసిరాను. ఆమె తల దించుకొని వెళ్లిపోయేది. నాలుగో నెల మా నర్సు ఆమెను పక్కన కూర్చోబెట్టి, ఇంటి దగ్గర మందులెలా వాడుతున్నావని అడిగింది. “మా ముసలాయనకూ ఇదే జబ్బు కదమ్మా. ఆయన ఇంత దూరం రాలేడు. చెరి సగం వేసుకుంటున్నాం” అన్నదట.

ఆమె చక్కెరను ప్రతి నెలా తప్పు లేకుండా కొలిచాను. ఆ అంకె వెనుక ఏముందో ఒక్కసారీ అడగలేదు. నాకు ఆమెపై దయ లేదా అంటే, ఉంది. తీరిక లేదు. కాని ఆమెకు అందినది నా దయ కాదు, నా తొందర. టెంపుల్‌ను తప్పుపట్టే ముందు ఈ సంగతి నేను ఒప్పుకోక తప్పదు.

కొలవవచ్చునా మరి?

ఆధునిక వైద్యవిద్య కరుణను కొలవడానికి ప్రయత్నించకపోలేదు. అమెరికాలోని జెఫర్సన్ వైద్య విశ్వవిద్యాలయంలో హోజత్ అనే శాస్త్రవేత్త బృందం వైద్యుల సహానుభూతికి ఇరవై ప్రశ్నల కొలబద్దను రూపొందించింది. గరిష్ఠంగా 140 మార్కులు. ఆ బృందం 2009లో ప్రకటించిన ఫలితం కలవరపెట్టేది. వైద్యవిద్యార్థుల సహానుభూతి మూడవ సంవత్సరంలో తగ్గిపోతోంది. అక్కడ విద్యార్థులు రోగుల మధ్య పూర్తిగా అడుగుపెట్టేది సరిగ్గా ఆ ఏడాదే. 2011లో వారే మరొక విషయం చెప్పారు. 29 మంది వైద్యుల దగ్గర చికిత్స పొందుతున్న 891 మంది మధుమేహ రోగులను పరిశీలిస్తే, సహానుభూతి మార్కులు ఎక్కువగా ఉన్న వైద్యుల రోగులలో 56 శాతం మందికి చక్కెర బాగా అదుపులో ఉంది. తక్కువ మార్కుల వైద్యుల రోగులలో 40 శాతానికే.

ఈ రెండు అధ్యయనాలలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రెండవది. మొదటి కొలత వైద్యుడు తన గురించి తాను రాసుకున్న జవాబుల మీద ఆధారపడినది. ఎవరికి వారు తమను దయగలవారిగానే అనుకుంటారు, టెంపుల్‌ను అడిగినా తనకు దయ ఉందనే చెప్పి ఉండేవాడు. రెండవ అధ్యయనం ఒక అడుగు ముందుకు వేసి, రోగి రక్తంలోకి తొంగిచూసింది. అక్కడ కనబడిన తేడా అంతా సహానుభూతి వల్లనే అని ఒక్క అధ్యయనంతో తేల్చలేము. కాని వెతకవలసిన చోటు అదేనని నా అభిప్రాయం. కరుణను ఇచ్చేవాడి గుండెలో కొలవలేము. పుచ్చుకునేవాడి కడుపులో, కండరంలో, నిద్రలో కొలవగలం. కార్నిష్ చేసింది ఆ పనే.

మన ప్రాచీన వైద్యం కూడా దీనిని భావంగా వదిలిపెట్టలేదు, వృత్తిధర్మంగా విధించింది. చరక సంహిత వైద్యుడికి చెప్పిన నాలుగు వైఖరులలో ప్రాణులపట్ల మైత్రి తరువాత వచ్చేది ఆర్తులపట్ల కారుణ్యమే. అనిపిస్తే చూపేది కాదు, అనిపించినా అనిపించకపోయినా చేయవలసినది.

కర్నూలు జిల్లాలోనే, గుత్తికి దగ్గరలో ఎర్రగుడి అనే ఊరు ఉంది. అక్కడి బండలపై అశోకుని శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని ఆయన చెప్పుకున్న శాసనం వాటిలో ఒకటి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పేది మరొకటి. విజేతలు సాధారణంగా గెలిచిన కోటలను లెక్కిస్తారు. ఈయన తన వల్ల పోయిన ప్రాణాలను లెక్కించి రాతిమీద చెక్కించాడు. ఆ లెక్క తరువాతనే ఆయన చికిత్సాలయాల మాట, బావుల మాట, చెట్ల నీడల మాట మనం నమ్ముతాం. ధాత కరువులో ఆ చుట్టుపక్కల జనం రాలిపోతున్నప్పుడు ఆ బండలు అక్కడే ఉన్నాయి. వాటి మీద ఏముందో లోకానికి తెలియడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది.

ధాత కరువు వృథా పోలేదు. 1878లో నియమించిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా కరువు నియమావళులు తయారయ్యాయి. కరువు సూచనలు కనబడగానే ఏ అధికారి ఏమి చేయాలి, కూలి ఎంత ఇవ్వాలి, పని చేయలేనివారికి ఏమి పెట్టాలి అన్నది ముందే రాసిపెట్టారు. వాటిలో లోపాలు చాలా ఉన్నాయి, అమలులో కాఠిన్యమూ ఉంది. కాని ఒక సత్యాన్ని అవి గుర్తించాయి. ఏ అధికారి మనసు ఏ రోజు ఎలా ఉంటుందో అన్నదాని మీద ఆకలిగొన్నవాడి ప్రాణాన్ని ఆధారపడనీయకూడదు.

ఇక నా పాత రోగి అడిగిన ప్రశ్నకు నా సమాధానం. కరుణ ప్రతి మనిషిలోనూ ఉంటుంది. కోతిలోనే ఉన్నది మనలో లేకుండా పోదు. దానిని ఎండగట్టేవి దూరం, తొందర, పైవాడి మెప్పు. ఈ మూడింటిలో మీ చేతిలో ఉన్నదానిని తగ్గించుకోండి. ఇంట్లో మంచం పట్టిన పెద్దవారు ఉంటే మందులిచ్చి వెళ్లిపోకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. డాక్టరు దగ్గరకు వెళితే కసురుతాడని భయపడి నిజం దాచకండి. మీరు డాక్టరైతే, రోగి అబద్ధమాడుతున్నాడని అనుకునే ముందు ఒక ప్రశ్న ఎక్కువగా అడగండి.

ఆ ప్రశ్న ఏదని వెతుక్కోనక్కరలేదు. మన ఇళ్లలో గడప దాటి ఎవరు లోపలికి వచ్చినా మొదట అడిగేది అదే కదా: “అన్నం తిన్నారా?” డాక్టర్ కార్నిష్ 1877లో ఒక సామ్రాజ్యాన్ని అడిగినదీ ఇంచుమించు అదే.